మాస్టారి పెట్టెలో చప్పుడు

ఆ రోజు పొద్దున్న ఎవారిస్తో వేసుకున్న పథకంలో వంకపెట్టడానికి ఏమీ లేదు. కాఫీ తాగాలి. వెల్లుల్లి రుద్ది ఆలివ్ నూనె పోసిన రొట్టె తినాలి. గడ్డం గీసుకుని, నల్ల టై కట్టుకుని, నాలుగిళ్ళ అవతల చనిపోయి ఉన్న కాసిమీరో మాస్టారిని చివరిసారి చూసి రావాలి. ఆయన భార్య విర్తూదెస్‌ను ఓదార్చాలి. కళ్ళు తుడుచుకోవాలి. అందుకు నటన అక్కర్లేదు. ఉలి పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేర్పిన మనిషి పోయాడన్న బాధ ఎవారిస్తోకు నిజంగానే ఉంది. సాయంత్రం సమాధి చేసి వచ్చాక, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, మెల్లగా అటక మీది సైప్రస్ చెక్కల సంగతి ఎత్తాలి.

గ్రనాడాలో కొండవాలున ఉన్న మా వీధి నిండా గిటార్లు చేసేవాళ్ళే. ఒకరి పని ఇంకొకరికి గిట్టదు. కానీ కాసిమీరో అటక మీది చెక్కల గురించి మాత్రం అందరిదీ ఒకటే మాట: అటువంటివి ఇక దొరకవు. పాటతో, నాట్యంతో కలిపి వాయించే ఫ్లెమెంకో గిటారుకు పక్కలూ వీపూ సైప్రస్‌తోనే చేయాలి. రోజ్‌వుడ్‌తో చేస్తే పెద్దమనుషులు మెత్తటి కుర్చీల్లో కళ్ళు మూసుకుని వినడానికి బాగానే ఉంటుంది. పాటగాడు గొంతు చించుకుంటూ, నాట్యకత్తె నేలను దంచుతూ ఉన్నప్పుడు ఆ గంభీరమైన మోత ఎవడికీ వినపడదు. సైప్రస్ తేలిక, పొడి, కసిరినట్టు పలుకుతుంది. కాసిమీరో ఆ చెక్కల్ని యుద్ధానికి ముందెప్పుడో ఒక మఠం తోటలో కూలిన చెట్టునుంచి కోయించాడు. అప్పట్నుంచీ ఎండబెడుతూనే ఉన్నాడు. ఎవరడిగినా "ఇంకా ఎండాలి" అనేవాడు. చివరకు చెక్కల కంటే ముందు ఆయనే ఎండిపోయాడు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం, సారా గ్లాసు చేతిలో ఉండగా, "నేను పోయాక అవి నీవేరా" అన్నాడాయన ఎవారిస్తోతో. ఎవారిస్తో ఆ మాటను భద్రంగా దాచుకుని, ఒక్క శనగగింజకే చెప్పాడు. శనగగింజ అంటే దేశమంతా తిరిగి వాయించే ఫ్లెమెంకో విద్వాంసుడు. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు గనుక చిన్నప్పుడు పెట్టిన పేరు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. "ఆ సైప్రస్‌తో చేస్తే నీ గిటారుతోనే మాద్రిద్‌లో వాయిస్తా. వేరే చెక్కయితే నికాసియో దగ్గరికి పోతా" అని ఆయన తేల్చి చెప్పాడు.

మాద్రిద్‌లో వాయించడమంటే మాటలు కాదు. ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళకు గిటారు తల కనిపిస్తుంది. తల చూస్తే చాలు, చేసినవాడెవడో తెలిసిపోతుంది. తీగలు బిగించే బిరడలు దూర్చే ఆ జానెడు చెక్క పై అంచును ఎవడి పద్ధతిలో వాడు కోసుకుంటాడు. పక్కవాడి కోత కాపీ కొట్టడం, పక్కవాడి భార్యకు కన్నుకొట్టడం కంటే పెద్ద తప్పు. కాసిమీరోది రెండు మూపురాలు, మధ్యలో పల్లం. ఎదురింటి నికాసియోది పార లాగా బల్లపరుపు. ఎవారిస్తో ఏళ్ళతరబడి అట్టముక్కలు కత్తిరించి కత్తిరించి, మూడు అలలు ఎగసిపడుతున్నట్టు ఒక తల తయారుచేసుకున్నాడు. వీధివాళ్ళు దాన్ని కోడిజుట్టు అంటారు. ఆ కోడిజుట్టు ఒక్కసారి మాద్రిద్ దీపాల కింద మెరిస్తే ఇక ఎవడూ నవ్వడు. ఎవారిస్తోకు జీవితంలో ఇంతకంటే పెద్ద కోరిక లేదు.

"ఏమయ్యా, చేతులు జేబుల్లో పెట్టుకో" అంది భార్య రెమెదియోస్, టై సరిచేస్తూ.

"ఎందుకు?"

"ఎందుకేంటి? కట్టె కనిపిస్తే చాలు, తట్టి చెవి ఆనిస్తావు. పెళ్ళయిన రాత్రి మంచం తలాపు తట్టుకుంటూ కూచున్నావు. మొన్న చర్చిలో పాదిరిగారు లోపలుండగానే పాపాలు చెప్పుకునే గూడు తట్టావు. ఇవాళ చావింట్లో పరువు తియ్యకు."

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

"చిన్నపిల్లాడైతే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని."

చావింట్లో శవపేటికను పనిగదిలోనే పెట్టారు, మూత తీసి గోడకానించి. నాలుగు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. గోడవారన కుర్చీల్లో నల్లబట్టల ఆడవాళ్ళు జపమాలలు తిప్పుతున్నారు. సైప్రస్ కొమ్మలతో అల్లిన దండ ఒకటి కాళ్ళ దగ్గర ఉంది. ఎవారిస్తో చేతులు జేబుల్లో కుక్కుకుని మాస్టారి ముఖం చూశాడు. కళ్ళు చెమర్చాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కన్నీళ్ళు దాచుకోవడానికి చూపు పక్కకు తిప్పేసరికి, పెట్టె తలవైపు అంచు కనబడింది.

రెండు మూపురాలు, మధ్యలో పల్లం.

ఎవారిస్తో పెట్టె పక్కల వంక చూశాడు. లేత పసుపు రంగు. మీద లక్క మెరుగు, గిటారుకు వేసినట్టే, అద్దంలా. ముక్కు ఎగబీల్చాడు. సైప్రస్ వాసన. దండ కూడా సైప్రస్సే అన్న సంగతి ఆ క్షణంలో అతనికి తట్టలేదు. తట్టింది ఒక్కటే: మాస్టారు తన చెక్కలతో తన పెట్టె తనే చేసుకున్నాడు! తనకిస్తానన్న సైప్రస్, మాద్రిద్, దీపాలు, కోడిజుట్టు, అన్నీ ఇంకొన్ని గంటల్లో మట్టిలోకి పోతున్నాయి.

కుడిచెయ్యి జేబులోంచి ఎప్పుడు బయటికొచ్చిందో అతనికే తెలియదు. వేలి కణుపుతో పెట్టె పక్కను టక్కున కొట్టాడు. వంగి చెవి ఆనించాడు. ఇంకాస్త కింద మళ్ళీ కొట్టాడు, మళ్ళీ విన్నాడు. వినాలనుకున్నవాడికి ఏదైనా వినిపిస్తుంది. ఎవారిస్తోకు అందులో మహాద్భుతమైన నాదం వినిపించింది. ముఖం పాలిపోయింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి.

జపమాలలు ఆగిపోయాయి.

"ఏమైంది బాబూ?" అంది విర్తూదెస్, కుర్చీలోంచి సగం లేచి.

ఎవారిస్తో నిటారుగా నిలబడ్డాడు. భర్తను పోగొట్టుకున్న మనిషితో "మీ ఆయన పడుకున్న చెక్క నాణ్యత చూస్తున్నానమ్మా" అని ఎలా అంటాడు? నోటికి అందిన మొదటి మాట అనేశాడు.

"ఏదో... చిన్న చప్పుడు లాగా... నా భ్రమేమోనమ్మా."

భ్రమ అన్న మాట ఎవరూ విననేలేదు. ఒకావిడ కెవ్వున అరిచింది. ఇంకొకావిడ శిలువ గుర్తు వేసుకుంది. "చెక్కలోంచి గుండె చప్పుడు విన్నాడట!" అని మూడో ఆవిడ గుమ్మం దగ్గరున్నవాళ్ళకు అందించింది. గుమ్మం దగ్గరివాళ్ళు వీధికి అందించారు. "చెంపలు చూడండి, రంగు తిరుగుతున్నాయి" అన్నారెవరో. కొవ్వొత్తి వెలుగులో ఎవరి చెంపలైనా రంగు తిరుగుతాయి.

విర్తూదెస్ పెట్టె దగ్గరికొచ్చి భర్త భుజం పట్టుకుంది. "కాసిమీరో! వినపడుతోందా? లేవవయ్యా! ఊరంతా వచ్చి కూచుంటే పడుకోవడానికి సిగ్గులేదూ? నీకోసం వండిన చిక్కుడుగింజల కూర అట్లాగే ఉంది. లే, నిన్ను తిట్టనులే ఇంక. ఒట్టు."

ఆ ఒట్టు విని ఎవారిస్తోకు ప్రాణం పోయినంత పనైంది. "అమ్మా, నా మాట వినండి. నేను కొట్టింది చెక్కని, విన్నది కూడా..."

"మనకు వినపడనివి ఈ గిటార్లు చేసేవాళ్ళకు వినపడతాయి" అంది కుర్చీలో ముసలావిడ, అతని చెయ్యి నిమురుతూ. "ఆ చెవులు దేవుడిచ్చినవి నాయనా. చల్లగా ఉండు." ఇంతలో డాక్టరు కోసం ఎవరో పరుగెత్తారు.

అప్పుడే నికాసియో వచ్చాడు. సన్నటి మీసం, పదునైన కళ్ళు. గుమ్మంలోంచి ఒక్క చూపు చూశాడు: పెట్టె తలవైపు రెండు మూపురాలు, పసుపుపచ్చటి మెరుగు, దాని పక్కన పాలిపోయిన ఎవారిస్తో. ఇంక అతనికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. టోపీ తీసి, పెట్టెకు అవతలివైపు వెళ్ళి, బొటనవేలి గోటితో కొట్టి, చెవి ఆనించాడు. శవానికి ఇవతల ఒకడు, అవతల ఒకడు ఒకరినొకరు చూసుకున్నారు.

"నాకూ వినిపించింది" అన్నాడు నికాసియో గంభీరంగా. సమాధి ఆలస్యమైతే చాలు, తర్వాత సంగతి తర్వాత.

ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఆ గోలలో నికాసియో పెట్టె మీదుగా వంగి గొణిగాడు. "అటక చెక్కేనా?"

"ఏ అటక?"

"నా దగ్గర నాటకాలొద్దు."

"అదే" అన్నాడు ఎవారిస్తో నీరసంగా. "మాస్టారు నాకిస్తానన్నాడు."

"నాకూ అన్నాడు."

"నీకా? ఎప్పుడు?"

"సారా తాగేటప్పుడు."

ఈ మాటలు పూర్తయ్యేలోగా ఉర్బానో తాత కర్ర ఆనించుకుంటూ వచ్చాడు. వీధిలో అందరికంటే పాత పనివాడు. పక్కన తుపాకీ పేలినా తల తిప్పడు, అంత చెవుడు. ముందున్న ఇద్దరి ముఖాలూ చూసి, కర్రతోనే పెట్టెను కొట్టి, చాలాసేపు చెవి ఆనించి, తల పంకించాడు. "ఆహా" అన్నాడు. ఆయన తల పంకించడం చూసి వీధి పైకొసన ఉండే అన్నదమ్ములిద్దరూ వచ్చి చెరొక పక్కా తట్టారు. వాళ్ళకూ వినిపించింది. అన్న కళ్ళు తుడుచుకున్నాడు కూడా. వాళ్ళిద్దరికీ కూడా మాస్టారు ఆ చెక్కలు ఇస్తానన్నాడని వేరే చెప్పనవసరం లేదు. సారా తాగినప్పుడు ఆయనంత దాత గ్రనాడాలో లేడు.

డాక్టర్ సెవెరీనో ఒళ్ళు మండిపోతూ వచ్చాడు. "నేను సంతకం పెట్టాక బతకడానికి ఈయనకు ఏం హక్కుంది?" అంటూ స్టెతస్కోపు తీశాడు. ఛాతీ మీద ఇటు పెట్టాడు, అటు పెట్టాడు. "ఏమీ లేదు" అన్నాడు.

"అయిదుగురు విన్నారు డాక్టరుగారూ!" అంది విర్తూదెస్.

"వాళ్ళు గిటార్లు చేసుకునేవాళ్ళమ్మా!"

"అందుకే కదా! తీగ వెంట్రుకవాసి దిగినా పట్టేస్తారు. మీరేమో పోయినేడు మా ఆయన న్యుమోనియా వినలేకపోయారు."

ఆ మాటతో డాక్టరు ముఖం మాడిపోయింది. గదిలో ఎవరూ నవ్వలేదు గానీ, అందరికీ ఆ న్యుమోనియా గుర్తుంది. అయిదుగురు పనివాళ్ళ వంక అనుమానంగా చూశాడు. అయిదుగురూ నేల వంక చూశారు. చివరకు ఆయన తన పరువు కోసం ఒక మెట్టు దిగాడు. "సరే. పెట్టెలోంచి తీసి మంచం మీద పడుకోబెట్టండి. ఇల్లు వేడిగా ఉండాలి. కాళ్ళ దగ్గర వేడి ఇటుకలు పెట్టండి. సాయంత్రం దాకా చూద్దాం. కొనఊపిరి ఉంటే చలికే పోతుంది."

జనవరి చలి. సియెర్రా కొండల మీద మంచు దట్టంగా ఉంది. డాక్టరు మాట పూర్తికాకుండానే విర్తూదెస్ గౌను చేతులు పైకి మడుచుకుని వంటింట్లోకి పరుగెత్తింది. కాసిమీరోను నలుగురు పడకగదిలోకి మోసుకుపోయారు. జనమంతా ఆయన వెనకే పోయారు. పనిగదిలో మిగిలింది ఖాళీ పెట్టె, దాని చుట్టూ అయిదుగురు.

కాసేపటికి ఇల్లు వెచ్చబడింది. వెచ్చబడేకొద్దీ సైప్రస్ వాసన ఘాటుగా కమ్ముకొచ్చింది.

"చూశారా? వేడి తగిలేసరికి చెక్క ఊపిరి తీస్తోంది" అన్నాడు నికాసియో, పెట్టెలో తలపెట్టి.

"ఎంత ఎండితే ఇంత వాసన రావాలి!" అన్నాడు అన్నదమ్ముల్లో తమ్ముడు.

ఉర్బానో తాత కళ్ళు మూసుకుని గుండెనిండా పీల్చాడు. వినికిడి పోయినా ఆయన ముక్కు బాగానే పనిచేస్తుంది. "మాస్టారి చెక్కే. ప్రమాణం చేసి చెప్తా" అన్నాడు.

పెట్టె ఖాళీ అయింది సరే, అది ఖాళీగానే ఉండాలంటే ఏం చేయాలి? ఉపాయం నికాసియోకే తట్టింది. పడకగది గుమ్మం దగ్గరికెళ్ళి అందరికీ వినపడేలా అన్నాడు. "ఒకసారి దింపిన మనిషిని మళ్ళీ అదే పెట్టెలో పెడితే ఇంట్లో ఇంకొకరిని లాక్కుపోతుందంటారు. ఏం ఫాదర్?" జపం చదువుతున్న పాదిరి ఎలాదియో కంగారుగా తలెత్తి, "నేను ఎక్కడా చదవలేదు, అలా అని లేదనీ చెప్పలేను" అన్నాడు. ఆడవాళ్ళకు అది చాలు. కొత్త పెట్టె కావాలి. కొత్త పెట్టె ఇచ్చినవాడికి పాత పెట్టె మీద హక్కొస్తుందని అయిదుగురికీ ఒకేసారి వెలిగింది. నికాసియో టోపీ పెట్టుకునేలోగా ఎవారిస్తో వీధిలో ఉన్నాడు.

దిగువ బజారులో శవపేటికల దుకాణందారు అతన్ని సానుభూతిగా చూశాడు. "ఎంత పొడవు మనిషండీ?"

"దాదాపు నా అంతే."

"ఎవరి పేరున రాయమంటారు?"

"నా పేరునే రాయండి. ఎవారిస్తో. పైవీధి, గిటార్ల దుకాణం. తొందరగా పంపండి." నికాసియో తలుపు తోసుకుని లోపలికి వస్తుంటే చూసి, ఉన్నవాటిలో మంచిదేదో, వాల్‌నట్ చెక్కది, చూపించేసి బయటికి ఉరికాడు. ఏ ఇంటికి పంపాలో విడిగా చెప్పడం మరిచాడు.

దాని ఫలితం ఇంట్లో ఉన్న రెమెదియోస్ అనుభవించింది. తలుపు కొడితే తీసింది. గుమ్మంలో ఇద్దరు కూలీలు, వాళ్ళ మధ్య వాల్‌నట్ పెట్టె, దాని మీద వేలాడే అట్ట మీద భర్త పేరు. కూలీలు టోపీలు తీసి, "మా సానుభూతి అమ్మా" అన్నారు. రెమెదియోస్ అరిచిన అరుపు కొండ అవతలికి వినిపించింది. శాలువా కూడా కప్పుకోకుండా, పెట్టె మోసుకొస్తున్న కూలీల కంటే ముందు, జుట్టు విరబోసుకుని వీధిలో పరుగెత్తింది. అదే సమయానికి కిందనుంచి నికాసియో కొన్న పెట్టె ఒకటి, ఉర్బానో తాత కొన్న పెట్టె ఒకటి ఎక్కి వస్తున్నాయి. మేడల మీది ఆడవాళ్ళు వరసగా మూడు పెట్టెలు చూసి, ఊళ్ళో ఏదో అంటురోగం దిగిందనుకుని కిటికీలు మూసుకున్నారు.

రెమెదియోస్ కాసిమీరో ఇంట్లోకి దూసుకొచ్చేసరికి ఆమె భర్త వేడి సూపు గిన్నె పట్టుకుని, పాత పెట్టె మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ముందు వాటేసుకుంది. తర్వాత వీపు మీద రెండు చరిచింది.

"చచ్చావనుకున్నాను కదయ్యా!"

"నేనా? ఎందుకు?"

"నీ పెట్టె ఇంటికొస్తే ఏమనుకోవాలి, పెళ్ళికి పిలిచారనుకోవాలా?"

"అది మాస్టారికి."

"మాస్టారికి పెట్టె ఉంది కదా!"

"ఇది నాకు."

"మరి మాస్టారేరీ?"

"మంచం మీద. బతికాడేమోనని చూస్తున్నారు."

రెమెదియోస్ పెట్టెలోకి చూసింది. భర్త చెయ్యి పెట్టె మీద ఎక్కడుందో, ఏ వేలు వంగి ఉందో చూసింది. ఆమె పెళ్ళాం, ఆమెకు అంతా అర్థమైంది. "తట్టావా?" అంది నెమ్మదిగా.

ఎవారిస్తో ఆ చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"దేవుడా!" అంటూ రెమెదియోస్, కూలీలు అప్పుడే తెచ్చి దింపిన కొత్త పెట్టె మూత మీదే కూలబడింది.

పొద్దు వాలుతుండగా డాక్టరు పడకగదిలోంచి వచ్చాడు. మళ్ళీ సంతకం పెట్టాడు, ఈసారి గట్టిగా. ఆయన వెనక విర్తూదెస్ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ముఖమంతా పొయ్యి సెగకు ఎర్రబడి ఉంది.

"నిన్నొకసారి, ఇవాళొకసారి" అంది ఎవరితోనో కాదు. "ఒక్క మనిషికే రెండుసార్లు విధవనయ్యాను."

ఎవారిస్తో తల ఎత్తలేకపోయాడు. అప్పటికప్పుడు నిజం చెప్పేద్దామని ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, "నువ్వు పెట్టె కూడా తెచ్చావట బాబూ. నీ పెట్టెలోనే పెడదాం. ఇంత ప్రేమ ఎవరికుంటుంది?" అంది. వేసిన అడుగు వెనక్కి వచ్చింది.

కాసిమీరోను వాల్‌నట్ పెట్టెలో పడుకోబెట్టారు. ఎవారిస్తో పాత పెట్టెకు మూత పెట్టి తలవైపు పట్టుకున్నాడు. "ఆగు. నా పెట్టె కూడా వచ్చింది కదా, సగం నాది" అంటూ నికాసియో కాళ్ళవైపు పట్టుకున్నాడు. అన్నదమ్ములు చెరొక పక్కా పట్టుకున్నారు. ఉర్బానో తాత కర్ర వంపును పెట్టె అంచుకు తగిలించాడు. అయిదుగురూ పరువుగా, నోరు మెదపకుండా, ఎవరివైపుకు వాళ్ళు లాగుతూ గుమ్మం దాటారు. వీధి వాలు. రాళ్ళ మీద మంచు కరిగి తడి. నికాసియో కాలు జారింది.

పెట్టె వాళ్ళ చేతుల్లోంచి జారి, రాళ్ళ మీద దడదడమంటూ వీధి దిగిపోయింది. వెనక అయిదుగురూ, వాళ్ళ వెనక పాదిరి, ఆయన వెనక సమాధికని వచ్చిన జనమంతా. ఖాళీ పెట్టె అని తెలియనివాళ్ళు, మాస్టారు శ్మశానానికి తనంతట తనే బయల్దేరాడని దండాలు పెట్టారు. పెట్టె మలుపులో నీళ్ళ తొట్టిని గుద్దుకుని నిట్టనిలువునా పగిలింది.

ఎవారిస్తో ముందు చేరాడు. విరిగిన అంచును చేతిలోకి తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. పసుపు మెరుగు కింద తెల్లటి చెక్క. చెక్క నిండా ముడులు, జిగురు కారే ముడులు. మేకులు కూడా. వేలితో తట్టాడు. తడిసిన అట్టలాగా మొద్దుగా మోగింది. నికాసియో తీసుకుని తట్టాడు. ఉర్బానో తాత తట్టాడు. ఈసారి ఎవరికీ ఏమీ వినిపించలేదు.

"పైన్ చెక్క" అన్నాడు నికాసియో. "పళ్ళబుట్టలకు వాడేది."

"అవును, పైనే" అంది వెనకనుంచి విర్తూదెస్, ఆయాసపడుతూ. "కింద వడ్రంగి దగ్గర నిన్న అదే దొరికింది. బోసిగా ఉందని తలవైపు ఆయన అట్టమూసతో నేనే కోయించా. ఆయన సీసాలో మిగిలిన లక్క రాత్రంతా కూచుని రుద్దా. ఇన్నేళ్ళు చూశాను కదా, ఎట్లా రుద్దుతాడో." విరిగిన ముక్క మీద మెరుగును నల్లగౌను అంచుతో తుడిచింది. "బాగా రాలేదా?"

"చాలా బాగా వచ్చిందమ్మా" అన్నాడు ఎవారిస్తో. ఆ మాటలో అబద్ధం లేదు. అయిదుగురు పనివాళ్ళను బోల్తా కొట్టించిన మెరుగు అది.

అంతలో అయిదు బుర్రల్లోనూ ఒకే ఆలోచన వెలిగింది. ఇది పైన్ అయితే, సైప్రస్ ఇంకా అటక మీదే ఉంది! అయిదు తలలూ ఒకేసారి కొండపైకి, కాసిమీరో ఇంటి కప్పు వైపు తిరిగాయి. మిగిలిన నలుగురు పరుగు లంకించుకునేవాళ్ళే. ఎవారిస్తో మాత్రం కదలలేదు. పొద్దుట్నుంచీ గొంతులో అడ్డుపడ్డది ఇక లోపల ఉండనన్నది.

"అమ్మా, నన్ను క్షమించండి. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. మాస్టారి సైప్రస్‌తో పెట్టె చేశారనుకుని, చెక్క చూద్దామని తట్టాను. మీరు అడిగితే సిగ్గేసి అబద్ధం చెప్పాను. వీళ్ళూ అంతే."

మిగతావాళ్ళు టోపీలు తీశారు. చెప్పింది వినపడని ఉర్బానో తాత కూడా టోపీ తీశాడు. విర్తూదెస్ ఎవారిస్తోను తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"ఆయన ఆ చెక్కల్ని ఊళ్ళో అందరికీ ఇస్తాననేవాడు" అందామె. "నాతో చెప్పింది మాత్రం నీ ఒక్కడి పేరే. సమాధి కాగానే పిలిచి ఇద్దామనుకున్నా."

ఎవారిస్తో కళ్ళు పెద్దవయ్యాయి. "మరి..."

"ఇల్లు వేడిగా ఉంచమన్నాడు కదా డాక్టరు. మీ అయిదుగురూ గుండె చప్పుడు విన్నామంటిరి. ఇంట్లో ఉన్న కట్టెలన్నీ పచ్చివి, పొగ. అటక ఎక్కి అవే దింపించా."

"అవి ఏమిటో మీకు తెలుసు కదమ్మా!" అని నికాసియో అరిచాడు.

"తెలియకేం? నాకంటే వాటినే ఎక్కువ చూసుకున్నాడు. కానీ మనిషి బతుకుతాడంటే చెక్కెందుకయ్యా?" విర్తూదెస్ గౌను దులుపుకుని, భర్త ఎదురుచూస్తున్న కొండపైకి తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. "ఏమాటకామాట చెప్పుకోవాలి. భలే మండాయి. పొగన్నదే లేదు."

అన్నేళ్ళు ఎండిన సైప్రస్ పొగ రాకుండానే మండుతుందని వృత్తిధర్మంగా అయిదుగురూ ఒప్పుకున్నారు.